డిసెంబరు, జనవరిల్లో మంచు కొండలెక్కేవాళ్లు వెళ్లేముందు ఒకసారి చదవండి

ఏటా నవంబరు రాగానే మా ఆఫీసులో ఇదే వరస. ఎవరో ఒకరు ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ఫొటో పెడతారు, వారం తిరక్కుండా పదిమంది తయారవుతారు, జాకెట్లు, బూట్లు, డెహ్రాడూన్ టికెట్లు అన్నీ అయిపోతాయి. ఏ బూట్లు కొనాలి, ఎన్ని జతల సాక్సులు పెట్టుకోవాలి అని నన్ను అడుగుతారు, నాకు తెలిసింది చెప్తాను. నాకు నిజంగా టెన్షన్ పెట్టే విషయం మాత్రం ఎవరూ అడగరు. రెండ్రోజులు ఆగకుండా మంచు కురిసి, మూడోరోజు పొద్దున ఆకాశం తేటగా ఉండి ఎండ కాసిందనుకోండి, ఆరోజు మీరేం చేస్తారు?

అందరూ ఎక్కుదామనే అంటారు, ఫొటోలకి అంతకంటే మంచి రోజు దొరకదు కాబట్టి. కానీ వాలు మీద మంచు ఇంకా కుదురుకోనిది కూడా సరిగ్గా ఆరోజే.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. మనకి స్నో అయినా, ఐస్ అయినా, సంక్రాంతి పొద్దున పొలాల మీద కమ్మే పొగ అయినా అన్నీ మంచే. హిమపాతం అని పేపర్లో రాస్తే మంచు కురిసిందో, కొండ మీంచి విరుచుకుపడిందో సగం సార్లు అర్థం కాదు. అందుకని వాలు మీంచి విరిగి జారే మంచుని నేను అవలాంచ్ అనే అంటాను. అది ఎక్కడో శిఖరం దగ్గర బద్దలై మన ఖర్మకొద్దీ మన మీద పడుతుందని చాలామంది అనుకుంటారు. అలా పడేవీ ఉన్నాయి. కానీ ట్రెక్కర్లు, కొండలెక్కేవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న అవలాంచ్‌లలో చాలావరకు వాళ్ల బరువుకో, వాళ్ల జట్టులోనే ఇంకొకరి బరువుకో కదిలినవే.

ఎలా కదులుతుందో ఉత్తరాఖండ్‌లో ఒక గైడ్ నాకు చేత్తో చూపించాడు. అప్పుడు కూడా రెండ్రోజులు మంచు కురిసి ఆగింది. అతను మమ్మల్ని టెంట్ల దగ్గరే ఆపేసి, పక్కనున్న చిన్న గట్టు మీద పారతో నడుము లోతు తవ్వాడు. తవ్విన గోడ మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. పైన జానెడు మెత్తటి కొత్త మంచు. దాని కింద గాలికి బిగుసుకుపోయిన పొర, షాబాద్ బండలా గట్టిగా ఉంది. ఇంకా కింద, నేలకి దగ్గర్లో వేలు పెడితే రవ్వ రవ్వగా రాలిపోయింది, అచ్చం ఇడ్లీ రవ్వే. పిడికిట్లోకి తీసుకుని నొక్కినా ముద్ద కట్టలేదు. చలికాలం మొదట్లో మంచు పలచగా ఉండి, రాత్రిళ్లు బాగా చలేస్తే అడుగు పొర అలా మారిపోతుందట. ఇడ్లీ రవ్వ పరిచి దానిమీద బండ పెట్టి, ఆ బండని ఏటవాలుగా నిలబెట్టి, దానిమీద పదిమంది నడిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. మా జట్టులో ఒకతను గొడవ పెట్టుకున్నాడు, ఇంత డబ్బు పోసి వచ్చింది టెంట్లో కూర్చోడానికా అని. నాకూ లోపల అదే కోపం. మేం ఉన్నంతసేపూ ఆ వాలు జారలేదు, అయినా ఆ గైడ్ చేసిందే కరెక్టు.

ఇక వాలు సంగతి. అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలులోనే వస్తాయి. అంతకంటే తక్కువైతే మామూలుగా కదలదు, మరీ నిటారుగా ఉంటే మంచు అసలు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. 30 అంటే మన ఇంటి మేడ మెట్లంత వాలు, భయపెట్టేంత ఏమీ ఉండదు, అందుకే జనం మోసపోతారు. ఫోన్లో వాలు కొలిచే యాప్ ఉంటుంది, వాడండి. మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉంటే సరిపోదు, తలెత్తి పైన ఏముందో కూడా చూడాలి, పైనుంచి జారినది చదును నేల మీదకి కూడా చాలా దూరం వస్తుంది. దట్టమైన అడవి మధ్యలో పైనుంచి కిందకి చెట్లు లేకుండా ఒక పట్టీలా ఖాళీ కనిపిస్తే, లేదా చెట్లకి కొండ ఎగువ వైపు కొమ్మలన్నీ విరిగిపోయి ఉంటే అది పాత అవలాంచ్ దారి. అక్కడ టెంట్ వేయొద్దు, టీ తాగడానికి కూడా ఆగొద్దు.

నడుస్తుంటే కాళ్ల కింద మంచు ఒక్కసారిగా కూలినట్టు ‘వుంఫ్’ మని శబ్దం వచ్చినా, అడుగు పెట్టిన చోట్నుంచి బీట గీతలా పరుగెత్తినా, చుట్టుపక్కల వాలుల మీద తాజాగా జారిన గుర్తులున్నా చర్చలొద్దు, వచ్చిన దారినే జాగ్రత్తగా వెనక్కి వచ్చేయండి. శిఖరం అంచుకి చూరులా వేలాడే మంచు మీదికి సెల్ఫీ కోసం వెళ్లొద్దు, దాని కింద రాయి ఉండదు.

శిఖరాలెక్కేవాళ్లకే కదా ఇదంతా అనుకోకండి. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా రోడ్డు పక్కన అవలాంచ్ పడి 7 మంది పర్యాటకులు చనిపోయారు, కేవలం మంచు చూడ్డానికి వచ్చినవాళ్లు. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ పక్కన మాణా దగ్గర రోడ్డు పనివాళ్ల క్యాంపు మీద పడితే 54 మంది చిక్కుకున్నారు, 8 మంది పోయారు. అనుభవం ఉంటే చాలనీ అనుకోకండి. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా-2 శిఖరం మీద ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ జట్టు చిక్కుకుంటే 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరి జాడ అప్పట్లో దొరకలేదు. చనిపోయినవాళ్లలో సవితా కన్స్వాల్ ఉంది, అదే ఏడాది మే నెలలో 16 రోజుల తేడాతో ఎవరెస్టు, మకాలూ రెండూ ఎక్కిన అమ్మాయి. ఆ వార్త చదివిన రోజు నాకు పని మీద మనసు పోలేదు.

కేదార్‌కంఠ మామూలు దారి చాలావరకు అడవిలోంచి పోతుంది, అక్కడ జారిపడటం, చలి, ఎత్తు పడకపోవడం ఇవే అసలు ప్రమాదాలు. మైక్రోస్పైక్స్ (జారకుండా బూట్లకి తొడిగే ఇనుప ముళ్లు) తీసుకెళ్లండి, కాటన్ బనీన్లు ఇంట్లో వదిలేయండి, తడిస్తే ఆరవు. మనం హైదరాబాద్‌లో సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉండేవాళ్లం, అక్కడ శిఖరం 3,800 దాకా ఉంటుంది. తలనొప్పి, వాంతులు ఉంటే దాచకుండా చెప్పండి, పైకి వెళ్లడం ఆపేయండి, తగ్గకపోతే దిగిపోండి. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తుంటే పొద్దున చూద్దాంలే అనొద్దు, రాత్రయినా దింపాలి.

అంతకంటే పెద్ద వాలులకి వెళ్లేవాళ్లయితే ప్రతి ఒక్కరి దగ్గరా బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్లని సిగ్నల్‌తో కనిపెట్టే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మూడూ ఉండాలి, గ్రూపుకొకటి అంటే కుదరదు. బీకన్ పక్కన ఫోన్ పెడితే సిగ్నల్ పాడవుతుంది. అనుమానమున్న వాలు దాటక తప్పకపోతే ఒక్కొక్కరే దాటండి, మిగతావాళ్లు వాలుకి బయట నిలబడి కళ్లార్పకుండా చూడాలి, ట్రెక్కింగ్ కర్రల తాళ్లు మణికట్టుకి ఉండకూడదు. ఎవరైనా కొట్టుకుపోతే చివరిసారి కనిపించిన చోటు గుర్తుపెట్టుకుని, పైనుంచి ఇంకేం రావట్లేదని చూసుకుని, అక్కణ్నుంచి కిందకి వెతకండి. మొదటి 10, 15 నిమిషాల్లో తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది. సాయం పిలవడానికి అందరూ కిందకి పరుగెత్తితే పైన తవ్వేవాళ్లుండరు. మీరే చిక్కుకుంటే పక్కకి తప్పుకోవడానికి, పైన తేలడానికి పెనుగులాడండి, వేగం తగ్గుతుండగానే చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని ఊపిరికి కాస్త చోటు చేసుకోండి. ఆగాక ఆ మంచు సిమెంటులా బిగుస్తుంది, వేలు కూడా కదలదు.

చలికాలంలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకి చెందిన డీజీఆర్‌ఈ అనే విభాగం అవలాంచ్ హెచ్చరికలు ఇస్తుంది, వాటిని వాతావరణ శాఖ సమాచారంతో కలిపి బయల్దేరేముందు రోజూ చూడండి. అయితే అవి ప్రాంతం మొత్తానికి ఇచ్చేవి, మీ ముందున్న వాలు సంగతి ఆ ఊరి గైడే చెప్పాలి. డబ్బు కట్టేముందే ఆపరేటర్‌ని అడగండి: మంచు ఎక్కువైతే ఆపే నిర్ణయం ఎవరిది, ఆపితే మా డబ్బు సంగతేంటి, ఇంతకుముందు ఎప్పుడైనా ఆపారా? తిరుగు టికెట్ మాత్రం ట్రెక్ అయిపోయిన మర్నాటికి కాకుండా ఇంకో రెండ్రోజులు ఆగి తీసుకోండి. కేదార్‌కంఠ ట్రెక్ మొదలయ్యే సాంక్రీ ఊరి నుంచి డెహ్రాడూన్ సుమారు 200 కిలోమీటర్ల కొండ రోడ్డు, మంచు పడితే అదీ మూసుకుపోతుంది. ఫ్లయిట్ పోతుందన్న తొందర లేకపోతేనే గైడ్ ఆగమన్నరోజు ఆగగలుగుతారు.