దుబాసీ గదిలోకి అడుగుపెట్టే ముందు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో పెరిగిన మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే పట్టుబడతాయి. అందువల్ల గోపాలపురం, ఆర్యపల్లి తీరం నుంచి మత్స్యకారులో, కొండ మండలాల నుంచి రైతులో ఏదైనా అంతర్జాతీయ సభకు బయలుదేరినప్పుడు, వారి వెంట ఏకకాల అనువాదానికి మనవంటివారిని పిలవడం సహజమే. అలా వెళ్లవలసి వచ్చినవారు బయలుదేరే ముందూ, సభలోనూ తీసుకోవలసిన జాగ్రత్తలను, నేను చేసిన తప్పులను కూడా కలుపుకొని, ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలో మనల్ని దెబ్బతీసేది ఎక్కువగా రాని మాట కాదు, బాగా వచ్చుననుకున్న మాట. రాని మాట దగ్గర ఎవరైనా ఆగుతారు. మూడు భాషల మధ్య పుట్టి పెరిగినవాడు ఆగవలసిన చోట ఆగడు.

ముందుగా పని స్వరూపం తెలియాలి. వక్త ఆగిన తరువాత చెప్పేది ఒక పద్ధతి, వరుస అనువాదం. వక్త మాట్లాడుతూ ఉండగానే, రెండు మూడు సెకన్ల వెనకగా, వింటూనే చెప్పడం రెండోది, ఏకకాల అనువాదం. ఈ రెండోది యంత్రాల సాయంతో పెద్ద ఎత్తున మొదలైంది 1945 నవంబరులో నాజీ నాయకులపై ఆరంభమైన న్యూరెంబర్గ్ విచారణలో. అక్కడ వక్త వేగం పెంచితే పసుపు దీపం, పూర్తిగా ఆగవలసి వస్తే ఎర్ర దీపం వెలిగించేవారు. నేటికీ అనువాదకుల గదిలో (బూత్‌లో) ఇద్దరేసి కూర్చొని, ఒక్కొక్కరు 20 నుంచి 30 నిమిషాలకు మించకుండా వంతులు మార్చుకుంటారు. అరగంట దాటిన తరువాత తప్పులు పెరుగుతాయి, వాటిని చేస్తున్నవారికే అవి వినిపించకుండా పోతాయి. కాబట్టి ఎవరైనా, ఎంత దగ్గరివారైనా, 'పూట మొత్తం మీరొక్కరే చూసుకోండి' అంటే ఒప్పుకోకండి. రెండో మనిషి ఖర్చు భరించలేమనేవారికి, వరుస అనువాదం చేస్తానని, సమయం రెట్టింపు కేటాయించమని చెప్పడం ఉభయులకూ మేలు.

ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరు: అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్. తెలుగులో గానీ ఒడియాలో గానీ మాట్లాడదలచిన ప్రతినిధి, ఆ ఆరింటిలో ఒకదానిలోకి అనువాదం తానే ఏర్పాటు చేసుకోవాలి. అంటే తెలుగు మత్స్యకారుడి మాట మీ నోట ఇంగ్లీషై బయటికి వస్తే, ఫ్రెంచి, స్పానిష్, తదితర గదులలో ఉన్నవారు మీ ఇంగ్లీషును విని తమ భాషల్లోకి మారుస్తారు. మీరు ఒక సంఖ్య తప్పు చెబితే అది ఐదు భాషల్లో తప్పవుతుంది. మీరు వాక్యం సగంలో వదిలేస్తే ఐదు గదులు మౌనంగా ఉండిపోతాయి. ఈ కారణంగా, మీ మాట మీద మరొకరు ఆధారపడుతున్నప్పుడు చిన్న వాక్యాలు, పూర్తయిన వాక్యాలు తప్పనిసరి. అందంగా ఉండడం ఆ తరువాతి సంగతి.

ఇక మాటల విషయం. సంస్కృతం నుంచి వచ్చిన ఒకే మాట ఒడియాలో ఒక అర్థం, తెలుగులో మరో అర్థం మోస్తూ ఉంటుంది. ఒడియాలో 'శిక్షా' అంటే చదువు, మనకు శిక్ష అంటే దండన. అక్కడ 'ఉపన్యాస' నవల, ఇక్కడ ఉపన్యాసం ప్రసంగం. అక్కడ 'ఆలోచనా' నలుగురు కూర్చొని చేసే చర్చ, మన ఆలోచన ఒక్కరి తలలోనూ సాగుతుంది. అక్కడ 'అబసర' తీరిక, పదవీ విరమణ. మన అవసరం అక్కర. 'చేష్టా' అక్కడ గౌరవప్రదమైన ప్రయత్నం, మనం చేష్టలంటే పిల్లల అల్లరి గుర్తుకొస్తుంది. అంతర్జాతీయ సభలో అన్నిటికంటే ప్రమాదకరమైనది 'రాష్ట్ర': ఒడియాలో అది దేశాన్ని, సార్వభౌమ వ్యవస్థను చెబుతుంది, రాష్ట్రానికి అక్కడ వాడేది 'రాజ్య'. ఈ రెండూ తారుమారైతే భువనేశ్వర్ తీసుకోవలసిన నిర్ణయం ఢిల్లీ మెడకు చుట్టుకుంటుంది, లేదా ఢిల్లీ చేసిన హామీ భువనేశ్వర్ ఖాతాలో పడుతుంది.

నా మొదటి సభలో జరిగింది చెబుతాను. ఒడియాలో మాట్లాడుతున్న ఒక పెద్దాయన 'మాఛ బ్యబసాయ' గురించి, అంటే చేపల వ్యాపారం గురించి, దళారులు ధర ఎలా కోస్తున్నారో చెబుతూ ఉన్నారు. నేను తెలుగు వినేవారికి దాన్ని 'చేపల వ్యవసాయం' అన్నాను. ఒడియాలో చేపల పెంపకానికి 'మాఛ చాష' అనే మాట వేరే ఉందని నాకు తెలుసు. కానీ చెవిలో పడ్డది నోట్లోకి జారే ఆ రెండు సెకన్లలో తెలిసినది పనికిరాలేదు. మావాళ్లు సముద్రం మీద తెప్ప వేసుకొని బతికేవాళ్లు, చెరువుల్లో చేపలు పెంచేవారితో వారికి ఉన్న తగవు అందరికీ తెలిసినదే. ఇంత బాహాటంగా చెరువులవారి తరఫున మాట్లాడుతున్నాడేమని వారు ఆ పెద్దాయన వంక అదోలా చూశారు. పది నిమిషాల తరువాత పక్క కుర్చీలో ఉన్న సహచరి కాగితం మీద రాసి చూపించేదాకా నాకు తెలియలేదు. తెలిసిన వెంటనే, వక్త పొరపడ్డారన్న అర్థం రాకుండా, 'అనువాదంలో సవరణ: ఇంతవరకు వ్యవసాయం అని వినిపించిన చోటల్లా వ్యాపారం అని గ్రహించగలరు' అని చెప్పాను. తప్పును కప్పిపుచ్చవద్దు, వక్త నెత్తిన వేయవద్దు.

అందువల్ల బయలుదేరడానికి కనీసం నెల ముందు నుంచి ఒక నోటుబుక్కులో మూడు వరుసల పట్టిక రాసుకోండి. అందులో కొత్త మాటల కంటే ఇటువంటి పాత మాటలకే ఎక్కువ చోటివ్వండి. తీరంలో రెండు రోజులు గడపగలిగితే ఇంకా మంచిది. అలివి వల, కవళ్లు, నెత్తళ్లు, వంజరం, చందువ వంటి వలల, చేపల మాటలకు ఇంగ్లీషు, ఒడియా పేర్లు ఇంటర్నెట్‌లో దొరికినా, ఒక్కో రేవులో ఒక్కో పేరు ఉంటుంది గనుక, మీతో వచ్చే ప్రతినిధి ఏ పేరు వాడతారో వారినే అడిగి రాసుకోవాలి. సభ పత్రాలలో వచ్చే బరువైన మాటలకు తెలుగు ముందే నిర్ణయించుకోండి. చిన్న తరహా మత్స్య రంగం గురించి 2014లో రోములోని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మత్స్య సంఘం ఆమోదించిన స్వచ్ఛంద మార్గదర్శకాలలో మాటిమాటికీ వచ్చే 'టెన్యూర్' (నేల, నీరు, చేపల మీద ఎవరికి ఏ హక్కు అన్నది) అనే మాటకు నేను చాలా తిరిగి, చివరికి మన పాత దస్తావేజుల్లోని 'హక్కుభుక్తాలు' అన్న మాటే పెట్టుకున్నాను. విన్నవారు ఒక్కరూ అర్థం అడగలేదు.

వ్యాకరణం కూడా కాపలా కాయవలసిన చోటే. మన క్రియ వాక్యం చివర వస్తుంది, దానితోపాటే కాదనడమూ చివరే వస్తుంది. 'ప్రభుత్వం చెప్పిన నష్టపరిహారానికి మేము ఒప్పుకున్నామని మేమెక్కడా అనలేదు' అన్న వాక్యంలో ఆఖరి మాట దాకా వినకుండా ఇంగ్లీషు మొదలుపెట్టినవాడు ఊరందరి తరఫున సంతకం చేసినవాడవుతాడు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు చిక్కు తిరగబడుతుంది: క్రియ ముందే చేతికి వస్తుంది, దాన్ని చివరిదాకా మోయాలి. ఆరు ఉపవాక్యాల ఇంగ్లీషు వాక్యాన్ని ఒకే తెలుగు వాక్యంగా కట్టబోతే మోస్తున్నది జారిపోతుంది. 'ప్రభుత్వాలు చేయవలసినది ఒకటుంది, అదేమిటంటే' అని తుంచుకుంటూ పోవడమే క్షేమం.

ఇంగ్లీషులో 'మేము', 'మనము' రెండూ ఒకటే మాట. ఒక దేశ ప్రతినిధి ఆ మాటతో మొదలుపెట్టి సముద్రాన్ని కాపాడుతామన్నప్పుడు, అందులో ఎదుట కూర్చున్న మత్స్యకారులు ఉన్నారా లేరా అన్నది మీరు తెలుగులో తేల్చి చెప్పక తప్పదు. తేలకపోతే 'అందరూ', 'ఇక్కడున్నవారు' వంటి మాటలతో దాటవేయండి గాని, వినడానికి బాగుంటుందని 'మనం' అనకండి. అలాగే తీర్మానాల భాషలో కచ్చితమైన ఆజ్ఞ, హితవు, అనుమతి అనే మూడు మెట్లుంటాయి. మన 'చేయాలి' మొదటి రెంటినీ మింగేస్తుంది గనుక, 'చేసి తీరాలి', 'చేయడం ఉచితం', 'చేయవచ్చు' అని మూడు రూపాలను ముందే విడదీసి పెట్టుకోండి; చర్చంతా ఆ ఒక్క మెట్టు మీదే జరిగే రోజులుంటాయి. మనకు ఒక సౌకర్యమూ ఉంది. అనువాదకుడు వక్తగానే 'నేను' అని మాట్లాడాలి కదా. తెలుగులో 'నేను వస్తాను' అనడానికి ఆడా మగా తేడా లేదు. హిందీ గదిలో కూర్చున్నవారికి ఆ సుఖం లేదు.

అంకెల దగ్గర పక్కవారి సాయం తీసుకోవడం నామోషీ కాదు. వంతు లేని అనువాదకుడు అంకెలు, పేర్లు పెద్ద అక్షరాలతో రాసి చూపడం ఈ వృత్తిలో మర్యాద. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు అన్నది అందరికీ తెలుసు, కానీ మూడో గంటలో తెలియదు. చీటీ మీద రాసి ఎదుట అంటించుకోండి. ఒడియాలో 'దెఢ' అంటే ఒకటిన్నర, 'అఢేఇ' అంటే రెండున్నర. సముద్రం మైలు 1.852 కిలోమీటర్లు, నేల మీది మైలు కాదు. 12 సముద్రపు మైళ్లు 22 కిలోమీటర్లకు పైగా ఉంటే, 12 మామూలు మైళ్లు 19 దాటి కొంచెం. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు 20 కిలోమీటర్ల మేర అమలయ్యే వేట నిషేధం గురించి మాట్లాడేవారి దగ్గర ఆ మూడు కిలోమీటర్లు చిన్న తేడా కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా ఉండే 61 రోజుల విరామం వేరు. ఈ రెంటినీ వక్తలే కలిపేస్తూ ఉంటారు, అప్పుడు వారు చెప్పినదే చెప్పాలి, మీరు దిద్దకూడదు. మనవాళ్లు లోతును బారల్లో చెబుతారు. అడిగినప్పుడు ఒక బార ఇంచుమించు ఆరు అడుగులని చెప్పండి.

చెవి మన పనిముట్టు. సభ మొదలు కావడానికి అరగంట ముందే గదికి చేరి, మైకు మీట, దగ్గు వచ్చినప్పుడు నొక్కే మీట, ఏ ఛానల్ వినాలో ఏ ఛానల్‌లోకి చెప్పాలో తిప్పి చూసుకోండి. శబ్దం వీలైనంత తక్కువలో పెట్టి, అవసరమైతే పెంచుకోండి. ఎవరో మైకు కింద పడేస్తే, లేదా స్పీకరు కీచుమంటే, ఆ చప్పుడు నేరుగా కర్ణభేరి మీద పడుతుంది. తరువాత చెవిలో హోరు, నొప్పి, మూసుకుపోయినట్టు ఉంటే ఆ పూటకు పని ఆపి వైద్యుణ్ణి చూడాలి. గాజులు, కీచైన్లు, కాగితాల రెపరెపలు మీకు వినిపించకపోయినా వినేవారికి వినిపిస్తాయి. గది లేకుండా, చేతిలో పట్టుకునే మైకుతో, ప్రతినిధుల మధ్యనే నిలబడి చెప్పవలసి వస్తే గొంతు తొందరగా పోతుంది గనుక, అటువంటి ఏర్పాటుకు రోజుకు ఎన్ని గంటలో ముందే రాతపూర్వకంగా ఒప్పుకోండి.

ప్రయాణపు సంగతులు క్లుప్తంగా. ఐరోపాలో ఉమ్మడి వీసా ఉన్న షెంగెన్ దేశాలకైతే వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, 15 రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ఆహ్వాన పత్రంలో మీరు ప్రతినిధి కాదు, అనువాదకుడని, రుసుము ఎవరిస్తారో స్పష్టంగా రాయించుకోండి. అక్టోబరులో వెళ్లేవారు ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది ఆ నెలలోనే. గాలివాన వస్తే బరంపురం నుంచి ఇటు విశాఖకైనా అటు భువనేశ్వరుకైనా రైలు నమ్ముకోలేం. జలుబుతో విమానం ఎక్కితే చెవులు మూసుకుపోయి మరునాడు కూడా తెరుచుకోకపోవచ్చు. వేసవిలో రోముకూ మనకూ తేడా మూడున్నర గంటలు: సాయంత్రం ఆరింటి సమావేశం మీ ఒంటికి రాత్రి తొమ్మిదిన్నర. ఆ చివరి వంతు ఎవరు తీసుకోవాలో సహచరితో ముందే మాట్లాడుకోండి.

చివరగా, మనవాళ్ల మధ్య ఉండే ఒత్తిడి. మీతో వచ్చినవారు మిమ్మల్ని తమ్ముడూ, అమ్మాయీ అని పిలుస్తారు, భోజనం దగ్గర పక్కన కూర్చోబెట్టుకుంటారు, ఆపైన 'ఆ మాట కొంచెం గట్టిగా చెప్పు, నీకు తెలుసు కదా మా బాధ' అంటారు. మీకు తెలుసు, నిజమే. అయినా వారు చెప్పినంతే చెప్పాలి. గట్టిగా చెప్పాలనుంటే వారినే గట్టిగా చెప్పమనండి, ఆ గట్టితనాన్ని మీరు తగ్గించకుండా దాటించండి. తలుపులు మూసి జరిగిన సమావేశాల్లో విన్నది తిరుగు ప్రయాణంలో ఎవరు అడిగినా చెప్పకూడదు. సభ పత్రాలను, అంకెల చీటీలతో సహా, గది వదిలే ముందు నిర్వాహకులకు అప్పగించండి. మాటల పట్టిక ఉన్న నోటుబుక్కు మాత్రం మీదే. తీరానికి తిరిగి వెళ్లినప్పుడు తప్పుగా రాసుకున్న చేపల పేర్లు దిద్దుకోవడానికి అది కావాలి.