ఎండాకాలంలో ఫిల్మ్ కడిగేవాళ్లకు జాగ్రత్తలు

గత వారం విజయవాడ నుంచి ఒక కుర్రాడు తను ఇంట్లో కడిగిన హెచ్‌పీ5 అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ రోల్ తెచ్చి చూపించాడు. అన్నీ వాళ్ల నాయనమ్మ ఫొటోలు. ఎక్స్‌పోజర్ బాగుంది, డెవలప్‌మెంటూ బాగుంది. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే మాత్రం ముఖం నిండా ఎండిన చెరువు అడుగులా సన్నటి నెర్రెలు! ఫిల్మ్ మీద బొమ్మని బయటికి తెచ్చే మందు డెవలపర్‌ని శ్రద్ధగా 20 డిగ్రీలకు తెచ్చుకున్నాడు. ఆ బొమ్మని నిలిపే ఫిక్సర్ అయ్యాక డాబా మీది ట్యాంక్ నీళ్లు కుళాయి తిప్పి నేరుగా పట్టేశాడు. మిట్టమధ్యాహ్నం, చెయ్యి పెట్టలేనంత వేడి. ఫిల్మ్ మీది జెలటిన్ పొర ఒక్కసారిగా ఉబ్బి ముడతలు పడిపోయింది. రెటిక్యులేషన్ అంటే ఇదే. వచ్చిందంటే ఇక పోదు.

ఎండాకాలంలో మంచి రోల్స్ పాడవడం నేను ఎక్కువగా చూసింది ఇలాగే. థర్మామీటర్ డెవలపర్‌లో ముంచుతారు, మిగతావాటిని వదిలేస్తారు. డెవలప్‌మెంట్‌ని ఆపే స్టాప్ బాత్, ఫిక్సర్, చివర కడిగే నీళ్లు, అన్నీ డెవలపర్ వేడికి దగ్గరగా ఉండాలి. తేడా 5 డిగ్రీలు దాటనివ్వకండి. ఇప్పటి ఫిల్ములు కొంత తట్టుకుంటాయి కానీ ఆ భరోసాతో రోల్‌ని పణంగా పెట్టొద్దు.

కడగడానికి నీళ్లు ముందు రోజు రాత్రే బకెట్లలో పట్టి నీడన పెట్టుకోండి. సీసాలన్నీ ఒకే టబ్‌లో నిలబెట్టి ఐస్ ఆ టబ్‌లో వేయండి. డెవలపర్‌లోనే ఐస్ వేస్తే కరిగి పలచబడుతుంది.

20కి దిగడం లేదా? 24 దగ్గర నిలకడగా ఉంచి టైమ్ తగ్గించండి. హెచ్‌పీ5ని ఐఎస్‌ఓ 400 దగ్గర తీసి, ఐడీ-11 అనే డెవలపర్‌ని నీళ్లతో సగానికి సగం కలిపి వాడితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 9. నీళ్లు కలపకుండా వాడితే 20 దగ్గర ఏడున్నర నిమిషాలే, 24కి వచ్చేసరికి సుమారు 5. అంతకన్నా తగ్గితే డెవలప్‌మెంట్ సమంగా రాదు. అందుకే వేసవిలో పలచన చేసిన డెవలపరే మేలు. ఫిల్మ్ ఉన్న డెవలపింగ్ ట్యాంక్‌ని తిప్పడం ఆపినప్పుడల్లా మళ్లీ టబ్‌లో దించండి, గది వేడికి లోపలి డెవలపర్ కూడా వేడెక్కుతుంది.

నెగటివ్ తేడాగా వస్తే వెంటనే కెమెరాని తిట్టకండి. ముందు అంచున ఉండే ఫిల్మ్ పేరు, అంకెలు చూడండి. అవి ఫ్యాక్టరీలోనే పడినవి, మీ ఎక్స్‌పోజర్‌తో వాటికి సంబంధం లేదు. అంకెలు చిక్కగా ఉండి బొమ్మ పలచగా ఉందంటే వెలుతురు చాలలేదు. రెండూ పలచనైతే డెవలప్‌మెంట్ చాలలేదు. అంకెలు ఉండి ఒక్క బొమ్మా లేకపోతే ఫిల్మ్ కెమెరాలో తిరగలేదు, లేదా షట్టర్ తెరుచుకోలేదు. అంకెలు కూడా లేకుండా గాజులా ఉంటే డెవలపర్ చచ్చిపోయింది, లేదా ముందు ఫిక్సర్ పోశారు. సీసాల మీద పెద్ద అక్షరాలతో పేర్లు రాయండి.

పాలలా మసకగా ఉంటే ఫిక్సింగ్ చాలలేదు. మళ్లీ తాజా ఫిక్సర్‌లో వేసి బాగా కడగండి.

కెమెరాని కారు డ్యాష్‌బోర్డు మీద వదలొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన రోల్ డబ్బాని వెంటనే తెరవొద్దు, లోపల చెమ్మ పడుతుంది. డార్క్ బ్యాగ్‌లో (వెలుతురు పడకుండా ఫిల్మ్ ఎక్కించే సంచిలో) చెమట చేతులు పెట్టొద్దు. ట్యాంక్‌లో పెట్టే రీల్ మీదికి ఎక్కకపోతే ఫిల్మ్‌ని బలవంతంగా తోయొద్దు, నలిగిన చోట నెలవంక మచ్చ పడుతుంది. ఫ్యాన్ కింద ఆరేయొద్దు. బోరు నీళ్లతో ఆఖరి కడుగు వద్దు, డిస్టిల్డ్ వాటర్ వాడండి. థర్మామీటర్ ముంచకుండా ట్యాంక్‌లో ఏదీ పోయొద్దు. మళ్లీ చెబుతున్నా, నీళ్లు కూడా!

డెవలపర్ మీద అనుమానముంటే పనికిరాని ఫిల్మ్ ముక్కని వెలుతురులోనే అందులో ముంచండి. నిమిషాల్లో నల్లబడాలి. నల్లబడకపోతే పారబోయండి.