చలికాలం బీచ్‌లో పిట్టలు – 3వ పాఠం: నడకను బట్టి పోల్చుకోవడం

కిందటి పాఠంలో పోటు, పాటు లెక్క చూసుకున్నాం. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుందనీ, నీరు ఎక్కేటప్పుడు పిట్టలు మన వైపు వస్తాయనీ చెప్పాను. ఆ లెక్కతో ఇంటిల్లిపాదీ పొద్దున్నే బాపట్ల దగ్గర సూర్యలంక వెళ్లారనుకోండి. అక్కడ ఇంకో చిక్కు. మన తీరంలో పొద్దుటి సూర్యుడు సముద్రం మీదే ఉంటాడు, డిసెంబరులో అయితే సరిగ్గా మొహం మీద కొడతాడు. నీటి అంచున ఉన్న పిట్టలన్నీ నల్లటి బొమ్మలే. సాయంత్రం వెలుతురు వెనక నుంచి పడుతుంది గానీ అప్పటికి బీచ్ నిండా జనం.

రంగు కనిపించినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఈ వలస పిట్టలు ఎండాకాలపు పెళ్లిబట్టలు విప్పేసి, చాలామటుకు పైన బూడిద, కింద తెలుపుతో వస్తాయి. మొదటి ఏడాది నేను పుస్తకంలో ఇటుకరంగు రొమ్ము ఉన్న శాండ్ ప్లోవర్ బొమ్మ చూసుకుని సంక్రాంతి సెలవులన్నీ వెతికాను. అవి నా ముందే తిరుగుతున్నాయి, బూడిద రంగులో!

కాబట్టి నడక చూడాలి. ముందు ప్లోవర్. నాలుగడుగులు గబగబా పరుగెత్తుతుంది, టక్కున ఆగుతుంది, చూస్తుంది, వంగి ఒక్క పోటు పొడుస్తుంది. మళ్లీ పరుగు. దానికి పెద్ద కళ్లు, పొట్టి ముక్కు. కంటితో వేటాడే పిట్ట కాబట్టి ఆగి చూడక తప్పదు. శాండ్‌పైపర్ల తీరు వేరు. ముక్కు కొస తడిమి తెలుసుకుంటుంది గనక తల ఎత్తకుండా కుట్టుమిషను సూదిలా పొడుస్తూ పోతాయి. ఈ ఒక్క తేడా పట్టుబడితే సగం పని అయినట్టే.

శాండర్లింగ్‌ని అయితే పిల్లలే ముందు పట్టేస్తారు. అల వెనక్కి పోతుంటే దాని వెంట పడుతుంది, అల తిరిగొస్తే కాళ్లు కనిపించనంత వేగంగా ఒడ్డుకి పరుగు. ఆర్కిటిక్ మంచునేలల్లో గుడ్లు పెట్టి ఇంత దూరం వచ్చే పిట్ట ఇది. కాలికి వెనక వేలు ఉండదు. తడి ఇసుక మీద అడుగుజాడ దొరికితే చూడండి, మూడు వేళ్లే. (ప్లోవర్లలోనూ చాలావాటికి అంతే, కాబట్టి జాడ ఒక్కటే చూసి పేరు రాసుకోవద్దు.)

పొడుగ్గా కిందికి వంగిన ముక్కుతో, తాపీగా నడుస్తూ ఎండ్రకాయల్ని లాగుతూ పెద్ద పిట్ట కనిపిస్తే అది కర్ల్యూ. పైన చెప్పినవాటితో దాన్ని పొరబడటం కష్టం. మా నాయనమ్మ మాత్రం కర్ల్యూ తప్ప తక్కినవన్నీ ఉల్లంకి పిట్టలే అంటుంది, ఆవిడతో వాదించలేం.

ఇప్పుడు సాధన. బైనాక్యులర్స్ ఒక్కటే ఉంటే పెద్దవాళ్లలో ఒకరు చూసి చెప్పండి, ఇంకొకరు అడుగులు లెక్కపెట్టండి: ఆగేలోపు ఎన్ని అడుగులు, ఒక్కసారి ఆగినప్పుడు ఎన్ని పొడుపులు. పిల్లల చేత ఆ నడక నడిపించండి, పిట్టలకి దూరంగా, పొడి ఇసుక మీద. ఒకసారి ఒళ్లు వంచి నడిచాక పిల్లలకి గుర్తుండిపోతుంది. మా చిన్నాడు స్కూలు బస్సెక్కేటప్పుడు కూడా ప్లోవర్ లాగే ఎక్కుతున్నాడు.

ఎంత దగ్గరికి వెళ్లొచ్చు? పిట్ట మేత ఆపి తల ఎత్తిందంటే అక్కడే ఆగండి. ఇంకో అడుగు వేస్తే గుంపంతా లేస్తుంది. తిరుగు ప్రయాణానికి కూడబెట్టుకోవాల్సిన కొవ్వు అలా లేచినప్పుడల్లా కరుగుతుంది. కుక్కని తీసుకెళ్తే గొలుసు వదలొద్దు.

ఈ వారం ఇంటిపని: అరగంట ఒకేచోట కూర్చుని పది పిట్టల నడక మాత్రం రాయండి, పేర్లు వద్దు. వచ్చే పాఠంలో అలివి వల (ఒడ్డు మీద నిలబడి లాగే పెద్ద చేపల వల) లాగే చోటికి వెళ్దాం. అక్కడ చేరే గల్స్ అనే సముద్రపు పిట్టల్లో గోధుమతల గల్‌కి చలికాలంలో గోధుమ తల ఉండదు.