క్రిస్మస్ డ్రామాలో జ్ఞానుల సీన్ ఎలా వేయాలి? (బైబిల్లో ఉన్నట్టు)

ప్రతి డిసెంబర్ ఇదే తంతు. పసివాడైన యేసుని చూడ్డానికి కానుకలతో వచ్చిన జ్ఞానులంటూ సండే స్కూల్ పిల్లలు ముగ్గురికి అట్ట కిరీటాలు పెట్టి, గొర్రెల కాపరుల పక్కనే పశువుల పాకలో నిలబెట్టేస్తారు, ఫొటో తీస్తారు, అయిపోయింది. పదేళ్లకు పైగా ఈ డ్రామా వేయిస్తున్నా కాబట్టి చెప్తున్నా, స్క్రిప్ట్ రాసేముందు బైబిల్లో మత్తయి సువార్త 2వ అధ్యాయం మొదటి 12 వచనాలు చదవండి, ఐదు నిమిషాలు కూడా పట్టదు.

సామాన్లకి పాత బెడ్‌షీట్లు, జరీ కండువాలు, తలపాగాలు చాలు. కిరీటాలు మాత్రం వద్దు. మత్తయి "తూర్పు దేశపు జ్ఞానులు" అన్నాడు గానీ రాజులు అనలేదు, ఆ మాట 72వ కీర్తన, యెషయా 60 చూసి తర్వాతివాళ్లు కలిపింది. ఒంటెలూ ఆ యెషయాలోవే. మేం ఒక ఏడాది అట్ట ఒంటె చేశాం, లోపల ఇద్దరు పిల్లలు, వెనకవాడు నడవడం మానేసి కూర్చున్నాడు, ఒంటె రెండు ముక్కలైంది. అప్పట్నుంచి మావాళ్లు నడిచే వస్తారు.

ఎంతమందిని పెట్టాలి? ఐదుగురు. బైబిల్లో లెక్కే లేదు, మూడు కానుకలున్నాయి కాబట్టి ముగ్గురనుకున్నారంతే, సిరియా క్రైస్తవ సంప్రదాయంలో అయితే ఏకంగా 12 మంది. కస్పార్, మెల్కియోర్, బల్తజార్ అనే పేర్లు కూడా డైలాగుల్లో పెట్టకండి, అవి వందల ఏళ్ల తర్వాత వచ్చినవి.

జ్ఞానులు యెరూషలేములో హేరోదు రాజుని కలిసే సీన్ ఈజీ. గొంతు పెద్దగా ఉన్న కుర్రాడికి ఇచ్చేయండి, శాస్త్రులు (యూదుల ధర్మశాస్త్ర పండితులు) మీకా ప్రవక్త రాసింది చూసి క్రీస్తు పుట్టే ఊరు బేత్లెహేము అని చెప్తారు, అంతే.

అసలు తిప్పలంతా ఆ తర్వాతే. జ్ఞానులు వచ్చింది పాకలోకి కాదండీ, ఇంట్లోకి! "ఇంటిలోనికి వచ్చి" అని 11వ వచనంలో స్పష్టంగా ఉంది. తొట్టి, గొర్రెల కాపరులు లూకా సువార్తలో యేసు పుట్టిన రాత్రివి. హేరోదు జ్ఞానుల దగ్గర కాలం తెలుసుకుని మరీ రెండేళ్లు, అంతకు తక్కువ వయసు మగపిల్లల్ని చంపించాడు, అంటే వీళ్లు అదే రాత్రి వచ్చారని అనుకోవడానికి లేదు.

కాబట్టి కాపరులు వెళ్లాక తెర వేసేయండి. ఒక పాట పూర్తిగా పాడించండి, సగం పాటకే తెర తీస్తే గడ్డి అలాగే ఉంటుంది, మాకు అయింది. ఆ టైంలో తొట్టి, గడ్డి, గొర్రెపిల్ల అన్నీ బయటికి, చాప, నీళ్ల కుండ, దీపం లోపలికి. బొమ్మ తీసేసి నిజం పిల్లాణ్ణి మరియ ఒళ్లో పెట్టండి. ఒకసారి ఏడాదిన్నర బాబుని పెడితే బంగారు కాగితం చుట్టిన డబ్బా పట్టుకుని వదల్లేదు, చర్చి అంతా నవ్వులే, అయినా బొమ్మకన్నా నయం. ఆ వచనంలో యోసేపు పేరు లేదు, కానీ ఆ అబ్బాయి వాళ్లమ్మ ఊరుకోదు కాబట్టి నేను వెనకాల నిలబెడతా.

పెద్దలు ఎవరో ఒకరు "పశువుల పాక సెట్‌లో అందరూ కలిసే ఉంటారు కదా" అంటారు. గొడవ పడకండి. చాలామంది కేథలిక్కుల ఇళ్లల్లో జ్ఞానుల బొమ్మల్ని దూరంగా పెట్టి, రోజూ కొంచెం జరుపుతూ జనవరి 6కి తొట్టి దగ్గరికి చేరుస్తారని చెప్పండి, ఆగిపోతారు.

నక్షత్రం తాడు లాగేవాడికి ఒకటే మాట, యెరూషలేము సీన్లో అది కనపడకూడదు. మళ్లీ కనిపించినప్పుడే "అత్యానందభరితులై" అని ఉంది, ముందునుంచీ వేలాడుతుంటే ఆ ఆనందం ఎక్కడిది?

బంగారం, సాంబ్రాణి, బోళం (సువాసన బంక) ఇచ్చేది ఒక నిమిషం పని. సాంబ్రాణి నిజంగా వెలిగించకండి, పిల్లలు దగ్గుతారు. చివర్లో వాళ్లు వేరే దారిన వెళ్లాలి, కలలో హెచ్చరిక వచ్చింది కదా. మనవాళ్లు మాత్రం ఎన్ని రిహార్సల్స్ చేసినా వచ్చిన వైపే, హేరోదు కుర్చీ ముందునుంచే వెళ్లిపోతారు. అవతలి తలుపు దగ్గర ఒక టీచర్‌ని నిలబెట్టండి.