సాహిత్య ఏజెంటు కోసం – నాలుగవ పాఠం: పంపడం, జవాబులను చదవడం

గత పాఠంలో క్వెరీ లేఖ, అంటే రచయిత తరఫున పుస్తక హక్కులను ప్రచురణకర్తలకు అమ్మిపెట్టే ఏజెంటుకు మన పుస్తకాన్ని పరిచయం చేసే లేఖ, రాయడం నేర్చుకున్నాం. ఇప్పుడు మీ లేఖ సిద్ధంగా ఉందనీ, నవల చివరి పేజీ వరకు పూర్తయిందనీ అనుకుని ముందుకు వెళ్తాను. కాల్పనికేతర రచనకైతే సాధారణంగా ప్రపోజల్ (పుస్తకం దేని గురించో, ఎవరి కోసమో వివరించే ప్రతిపాదన), కొన్ని నమూనా అధ్యాయాలు సరిపోతాయి. తొలి నవలకు మాత్రం రాతప్రతి మొత్తం చేతిలో ఉండాలి.

అమెరికాలో చాలామంది ఏజెంట్లు లేఖతో పాటు మొదటి ఐదు నుంచి పది పేజీలు అడుగుతారు. బ్రిటన్‌లో లేఖ, సారాంశం, మొదటి మూడు అధ్యాయాలు అడగడం ఎక్కువ. ఎవరి నిబంధన వారిదే కనుక, పంపే రోజున ఆ ఏజెన్సీ నియమాలను మరొకసారి చదవండి.

అసలు విషయం ఇది: మీరు ఎంచుకున్న ఏజెంట్ల జాబితాలోని వారందరికీ ఒకేసారి పంపకండి. పలువురికి ఒకే కాలంలో పంపడం ఈ రంగంలో మామూలే, అందులో తప్పేమీ లేదు. అయితే ఒకసారి కాదన్న ఏజెంటు అదే పుస్తకాన్ని మళ్లీ చూడడం అరుదు కాబట్టి, లేఖలో లోపం ఉండగానే అందరికీ పంపేస్తే, దాన్ని సరిదిద్దుకున్నాక పంపడానికి ఎవరూ మిగలరు. అయిదారుగురికి పంపి, వారి జవాబుల తీరు చూసి, ఆ తరువాతే మరికొందరికి పంపండి. జవాబు రావడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టడం సాధారణం. గడువు దాటినా జవాబు రాకపోతే వద్దన్నట్టే భావించమని చాలా ఏజెన్సీలు ముందే చెబుతాయి. ఆ వారాల్లో తరువాతి పుస్తకం పని మొదలుపెట్టండి. రాతే వృత్తి అయినవారికి వృథా చేసుకునేంత కాలం ఉండదు.

ఇక జవాబుల సంగతి. 'మీ రచన మా జాబితాకు సరిపోదు' అన్నది అందరికీ వెళ్లే వాక్యం. అందులో గూఢార్థాలు వెతకడం వల్ల మనసు పాడవడమే తప్ప ప్రయోజనం లేదు. 'కథ చెప్పే తీరు నచ్చింది, కానీ మూడవ అధ్యాయం తరువాత కథానాయికకు ఏం కావాలో నాకు అర్థం కాలేదు' అని వస్తే, ఎవరో మీ పేజీలను నిజంగా చదివి, మీ కోసమే రాశారన్నమాట. అప్పుడు మూడవ, నాలుగవ అధ్యాయాలు తెరిచి, ఆ పాత్ర తానుగా ఒక నిర్ణయమైనా తీసుకుంటోందా, లేక సంఘటనలు జరుగుతుంటే చూస్తూ ఉండిపోతోందా అని పుటపుటా గుర్తులు పెట్టుకుంటూ చదవండి. ఒకరినొకరు ఎరగని ఇద్దరు ఒకే చోటును వేలెత్తి చూపితే అక్కడ తప్పకుండా ఏదో ఉంటుంది. వారు సూచించిన మార్పు మీకు నప్పకపోవచ్చు, ఆ చోటును మాత్రం వదిలిపెట్టకండి.

పూర్తి రాతప్రతి పంపమని ఎవరూ అడగకపోతే లోపం లేఖలోనో మొదటి పేజీల్లోనో ఉందని అనుమానించాలి. అడిగి, పూర్తిగా చదివి కాదంటున్నారంటే లేఖ తన పని చేసినట్టే, చూడవలసింది పుస్తకాన్ని. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని, బాగున్న లేఖను పదేపదే తిరగరాసే రచయితలను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

చదివినందుకు రుసుము అడిగే ఏజెంటు జోలికి వెళ్లకండి. ఏజెంటుకు ఆదాయం మీ పుస్తకం హక్కులు అమ్ముడైనప్పుడు వచ్చే కమిషన్ ద్వారానే రావాలి. పందొమ్మిదవ శతాబ్దం చివరలో లండన్‌లో ఎ.పి.వాట్ ఈ వృత్తికి రూపం ఇచ్చినప్పుడు అది 10 శాతం. ఇప్పుడు స్వదేశీ ఒప్పందాలపై సాధారణంగా 15, విదేశీ, అనువాద హక్కులపై తరచుగా 20 శాతం.

ఒకరు మీ తరఫున పనిచేస్తామని ముందుకొస్తే వెంటనే సరే అనకండి. రాతప్రతి ఇంకా ఎవరెవరి దగ్గర ఉందో వారందరికీ ఆ సంగతి తెలిపి, సాధారణంగా రెండు వారాల గడువు ఇవ్వడం మర్యాద. ఆ తరువాత చేసుకునే ఒప్పందపత్రంలోని షరతులు వచ్చే పాఠంలో చూద్దాం.

అభ్యాసం: ఒక పట్టిక గీసి ఏజెంటు పేరు, పంపిన తేదీ, పంపిన పేజీలు, లేఖ ఎన్నవ రూపం, వచ్చిన జవాబు అనే గడులు పెట్టండి. జవాబును మీ మాటల్లో కుదించకుండా వచ్చినది వచ్చినట్టే ఎక్కించండి. లేఖ రూపం గడిని ఖాళీగా వదిలితే ఏ మార్పు ఫలించిందో తరువాత తేల్చుకోలేరు.