రోజూ చికెన్ పెడుతున్నా పిల్లికి ఎందుకో తేడా చేస్తోందా?

"మా పిల్లికి రోజూ బోన్‌లెస్సే" అని కొన్నాళ్ళు నేనూ గొప్పగా చెప్పుకున్నాను. వీధిలో దొరికిన పండు అనే కూనని అలాగే పెంచాను. రెండు నెలలు తిరక్కుండానే వాడు కుంటడం మొదలుపెట్టాడు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

పిల్లి ఎలుకని పట్టిందంటే కండ ఒక్కటే ఏరుకుని తినదు. ఎముకలు, గుండె, కార్జం, పేగులు, రక్తం అన్నీ కలిపి లాగించేస్తుంది. మనం షాపులో కొనేది ఆ ఎలుకలో ఒక భాగం లాంటిది. అందుకే తిండి వల్ల తేడా చేసిందనిపిస్తే నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఎలుకలో ఉండి మన గిన్నెలో లేనిదేంటి? లేదా ఎలుకలో చిటికెడే ఉండి మన గిన్నెలో గుప్పెడు పడుతున్నదేంటి?

అంతకన్నా ముందు ఒక హెచ్చరిక. మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతున్నా ఒక్క చుక్క మూత్రం రాకపోవడం, నోరు తెరిచి రొప్పడం, తల ఎత్తలేక మెడ వాల్చేయడం, చిగుళ్ళు తెల్లగా పాలిపోవడం. వీటిలో ఏది కనబడినా తిండి మార్చి చూద్దామని కూర్చోకండి. వెంటనే డాక్టర్ దగ్గరికి బయల్దేరండి.

కూన కుంటుతోంది, దూకడం మానేసింది

ఫ్రిజ్ మీద నుంచి దూకేవాడు కాస్తా సోఫా ఎక్కడానికి కూడా ముందు కాళ్ళు ఆనించి ఆలోచించేవాడు. వీపు మీద చెయ్యి వేస్తే బుస్సుమనేవాడు. ఎక్కడో దెబ్బ తగిలించుకుని ఉంటాడులే అనుకున్నాం. ఎక్స్‌రే తీస్తే ఎముకకీ చుట్టూ ఉన్న కండకీ పెద్ద తేడా కనబడలేదు, అంత పల్చగా ఉన్నాయి. తొడ ఎముక ఒకచోట పచ్చి కొమ్మ వంగినట్టు మడత పడింది. "ఏం పెడుతున్నారండీ?" అని డాక్టర్ గారు అడిగారు. "బ్రెస్ట్ పీస్" అని చెప్పేటప్పటికి నా గొంతులో ఇంకా కాస్త గర్వం మిగిలే ఉంది.

ఉత్త కండలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, కాల్షియం నామమాత్రం. 100 గ్రాముల చికెన్‌లో ఫాస్ఫరస్ సుమారు 200 మిల్లీగ్రాములుంటే కాల్షియం పది, పదిహేను మిల్లీగ్రాములు. పిల్లికి కావాల్సింది రెండూ ఇంచుమించు సమానంగా, కాల్షియం కాస్త మొగ్గుగా. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడల్లా పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి తోడి రక్తంలోకి పోస్తుంది. పెద్ద పిల్లి కొన్నాళ్ళు నెట్టుకొస్తుంది. ఎదిగే కూన వారాల్లోనే కూలబడుతుంది.

ఇలాంటి కూనకి కావాల్సినవి రెండు: కదలకుండా విశ్రాంతి, కూనల కోసం తయారుచేసిన పూర్తి ఆహారం. ప్యాకెట్ మీద "కంప్లీట్" అని, "కిట్టెన్" అని రెండు మాటలూ ఉండాలి. "కాంప్లిమెంటరీ" అని రాసి ఉంటే అది చిరుతిండి కిందే లెక్క, బొమ్మ ఎంత బాగున్నా సరే. మనంతట మనం కాల్షియం సిరప్ తెచ్చి పట్టడం మంచిది కాదు, ఎంత కావాలో డాక్టరే చెప్పాలి. పండు ఆరు వారాలు కేజ్‌లో ఉన్నాడు. ఎముకలు గట్టిపడ్డాయి గానీ నడుములో కాస్త వంకర మాత్రం ఉండిపోయింది.

మరి ఎముకతో సహా పెట్టేస్తే సరిపోదా అంటారేమో. ఉడికిన ఎముక పెళుసుగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. పెద్ద పిల్లికి ఇంట్లో వండి పెట్టేవాళ్ళు కోడిగుడ్డు పెంకుని ఉడికించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తటి పొడి చేసుకోవచ్చు. అర కేజీ బోన్‌లెస్‌కి సుమారు అర టీస్పూను. దీనితో కాల్షియం లెక్క ఒక్కటే సరిపోతుంది. మిగతా లోట్లు అలాగే ఉంటాయి.

మందకొడిగా ఉంటోంది, తలుపు అంచులకి గుద్దుకుంటోంది

ఇది చాప కింద నీరు. నెలల తరబడి ఏమీ కనబడదు. ఆ తర్వాత వెలుతురులో కూడా కంటిపాప పెద్దదిగానే ఉండటం, కొంచెం పరిగెత్తితే ఆయాసపడటం మొదలవుతాయి. టారిన్ అనే అమైనో ఆమ్లం తక్కువైతే ఇలా జరుగుతుంది. దాన్ని తనకి సరిపడా తయారుచేసుకునే శక్తి పిల్లి ఒంటికి లేదు, మాంసం నుంచే రావాలి. టారిన్ లేకపోతే కంటి రెటీనా పాడవుతుందని 1975లో తేలింది. గుండె కండరం సాగి బలహీనపడటానికీ అదే కారణం కావచ్చని 1987లో బయటపడింది. అప్పుడు ఆ పిల్లులు తింటున్నది కంపెనీ ఫుడ్డే! ఆ తర్వాతే కంపెనీలు తమ ఫుడ్‌లో టారిన్ పెంచాయి.

మన ఇళ్ళల్లో ఇది ఎలా వస్తుందంటే, చికెన్ బ్రెస్ట్ ఉడకబెడతాం, ఆ నీళ్ళు సింకులో పారబోస్తాం, ముక్కల్ని అన్నంలో కలుపుతాం. బ్రెస్ట్‌లో టారిన్ అసలే తక్కువ. ఉన్నదాంట్లో కూడా చాలా భాగం నీళ్ళలోకి దిగిపోతుంది. మనం పారబోసింది దాన్నే. ముదురు రంగు కండలో, అంటే లెగ్, థై ముక్కల్లో, బ్రెస్ట్‌లో కన్నా టారిన్ చాలా రెట్లు ఎక్కువ. గుండెకాయలో ఇంకా దండిగా ఉంటుంది. చికెన్ షాపులో లివర్, కందనకాయలు అడిగినట్టే గుండెకాయలు కూడా అడిగి తెచ్చుకోండి. ఉడికించిన నీళ్ళని ఆ ముక్కల మీదే పోసి పెట్టండి.

లక్షణాలు అప్పటికే మొదలైతే గుండెకాయలు పెట్టుకుంటూ కూర్చుంటే సరిపోదు. డాక్టర్ గుండె స్కాన్ చేసి టారిన్ మందు రాస్తారు. టారిన్ లోటు వల్లే గుండె దెబ్బతిని ఉంటే చాలావరకు కోలుకుంటుంది, కంట్లో పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. అన్నట్టు, ఇంట్లో కుక్క కూడా ఉందని రెండిటికీ డాగ్ ఫుడ్డే పెట్టేవాళ్ళున్నారు. కుక్కలు టారిన్ తయారుచేసుకోగలవు కాబట్టి ఆ ఫుడ్‌లో పిల్లికి సరిపడా వేయాలన్న లెక్క ఉండదు.

చేప తప్ప ఇంకేదీ ముట్టడం లేదు

పిల్లికి చేపంటే ప్రాణమని అందరం నమ్ముతాం గానీ, ఇంటి పిల్లి పూర్వీకులు ఎడారి జీవులు. సముద్రం వాటికి సంబంధం లేని చోటు. రుచి మరిగిందంతే.

పచ్చి నెత్తళ్ళు, ఇంకా కార్ప్ లాంటి కొన్ని చేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బి1 విటమిన్‌ని విరగ్గొట్టేస్తుంది. అవే రోజూ పచ్చివి పెడితే పిల్లి మొదట తిండి మానేస్తుంది, తర్వాత తూలుతుంది, గడ్డం ఛాతీకి ఆనేలా మెడ వాల్చేస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. సమయానికి బి1 ఇంజెక్షన్ పడితే ఒకటి రెండు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. చేపని ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది కాబట్టి ఎప్పుడూ ఉడికించి, ముళ్ళు తీసే పెట్టాలి.

కవళ్ళ లాంటి నూనె చేపలు, ట్యూనా డబ్బాలు రోజుల తరబడి ఇవే పెడితే ఇంకో బాధ. విటమిన్ ఇ సరిపోక చర్మం కింది కొవ్వు వాచి గట్టిపడుతుంది. ఎత్తుకుంటే చాలు పిల్లి అరుస్తుంది. ఎండు చేపల సంగతి చెప్పక్కర్లేదు, అందులో ఉప్పే ఎక్కువ. చేప వారానికి ఒకటి రెండుసార్లు చాలు, మిగతా రోజులు కోడి, మేక, కౌజు పిట్ట. మారనని మొండికేస్తే చేప పాళ్ళు రోజుకి ఒక చెంచా తగ్గిస్తూ చికెన్ కలుపుతూ రండి. నేను చూసినంతలో పది పన్నెండు రోజులకి లొంగిపోతాయి.

మెడ తిప్పడం లేదు, ఒళ్ళు నాక్కోవడం మానేసింది

చవకగా వస్తుంది, ఇష్టంగా తింటుంది అని రోజూ కార్జం పెట్టే ఇళ్ళల్లో చూసేది ఇది. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ నుంచి విటమిన్ ఎ తయారుచేసుకోవడం పిల్లికి రాదు. అందుకే దానికి కాస్త కార్జం మేలే. కానీ నెలల తరబడి అదే తింటే విటమిన్ ఎ ఒంట్లో పేరుకుపోయి మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వీపు మీద బొచ్చు అట్టలు కడుతుంది, ఎందుకంటే నాక్కుందామన్నా మెడ తిరగదు. కార్జం ఆపేస్తే నొప్పి తగ్గొచ్చు గానీ అతుక్కున్న ఎముకలు విడిపోవు. అర కేజీ మాంసానికి 25 గ్రాములు, అంటే ఒక కోడి కార్జంలో సగం పైచిలుకు. అంతకు మించొద్దు.

గోక్కుని గోక్కుని మెడ, మొహం పుళ్ళు పడ్డాయి

మొదట పిడుదులు, ఫ్లీస్ (బొచ్చులో గెంతే చిన్న పురుగులు) లేవని తేల్చుకోండి, చాలా కేసులు అక్కడే తెగిపోతాయి. అవి లేకపోతే తిండి మీద అనుమానం పెట్టుకోవచ్చు. పిల్లుల్లో ఎక్కువగా పడనివి గొడ్డు మాంసం, చేప, కోడి. ఏళ్ళ తరబడి తిన్నదే ఉన్నట్టుండి ఒకరోజు పడకపోవడం ఇందులో మామూలే. "కొత్తగా ఏమీ పెట్టలేదండీ" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

చాలామంది చేసే తప్పు బ్రాండ్ మార్చడం. "మేక రుచి" అని పెద్దక్షరాల్లో ఉన్న ప్యాకెట్ వెనక చిన్నక్షరాల్లో మొదటి పేరు చికెనే ఉండొచ్చు. ఇంతవరకు పిల్లి ఎప్పుడూ తినని మాంసం ఒకటి ఎంచుకోండి. మన దగ్గర సులువుగా దొరికేవి కౌజు పిట్ట, బాతు, మేక, కొన్ని చోట్ల కుందేలు. ఎనిమిది వారాలు అదొక్కటే. మధ్యలో ఒక్క బిస్కెట్ ముక్క, ఒక్క చికెన్ ట్రీట్ పడినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మా ఇంట్లో అయితే ఇక్కడ అడ్డం పడేది పిల్లి కాదు, దొంగచాటుగా ముక్క వేసే పెద్దవాళ్ళు. ఎనిమిది వారాలూ ఉత్త కండ పెడితే పైన చెప్పిన కాల్షియం, టారిన్ లోట్లు వచ్చి పడతాయి కాబట్టి డాక్టర్‌తో చెప్పి సప్లిమెంట్లు కలుపుకోవాలి, లేదా హైడ్రోలైజ్డ్ ఫుడ్ (ఒళ్ళు గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా ప్రోటీన్‌ని విరగ్గొట్టి చేసినది) అడగాలి. దురద తగ్గాక పాత మాంసం మళ్ళీ పెట్టి చూడండి. రెండు వారాల లోపు గోకుడు మొదలైతే దొంగ దొరికినట్టే.

తింటోంది కానీ చిక్కిపోతోంది

నులిపురుగుల మందు వేసి ఎన్నాళ్ళైందో చూసుకోండి. పదేళ్ళు దాటిన పిల్లి అయితే థైరాయిడ్, షుగర్, కిడ్నీ పరీక్షలు ముందు, తిండి చర్చ తర్వాత. ఇవేవీ కాకపోతే గిన్నెలో అన్నం ఎంత, మాంసం ఎంతో చూడండి. పిల్లి ఒళ్ళు ప్రోటీన్‌నే ఇంధనంగా కాలుస్తుంది. తక్కువ పెట్టామని పొదుపుగా వాడుకోవడం దానికి చేతకాదు, చివరికి సొంత కండనే కరిగించుకుంటుంది. పెరుగన్నంలో నాలుగు చికెన్ పోగులు కలిపితే నిండేది మన మనసే.

ప్యాకెట్ల మీద అంకెలు చూసి మోసపోవద్దు. డ్రై ఫుడ్ మీద 32 శాతం, పౌచ్ మీద 8 శాతం ప్రోటీన్ అని ఉంటే డ్రై ఫుడ్డే గొప్పదనిపిస్తుంది. పౌచ్‌లో 82 శాతం నీళ్ళే. నీళ్ళు తీసేస్తే మిగిలిన 18లో 8 ప్రోటీన్, అంటే 44 శాతం. డ్రై ఫుడ్‌లో 10 శాతం నీళ్ళు తీసేసి చూస్తే 35 దగ్గర ఆగుతుంది. అమెరికా ప్రమాణాల్లో కూడా ఇలా నీళ్ళు తీసేసి చూసే లెక్కే, పెద్ద పిల్లికి కనీసం 26 శాతం, కూనకి 30.

విరేచనాలు, వాంతులు

పాలు ఆపండి, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు. చికెన్ తోలు, కొవ్వు తీసేయండి. కొత్త మాంసం ఏదైనా ఏడు రోజుల్లో కొంచెం కొంచెంగా అలవాటు చేయండి.

పచ్చి మాంసం పెడుతున్నట్లయితే అది మానేయమనే నా మాట. సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఒక్కటే కాదు, ఇంట్లో గర్భవతులుంటే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి భయం కూడా. 2023లో పోలెండ్‌లో బర్డ్ ఫ్లూతో పెంపుడు పిల్లులు చనిపోతే పచ్చి కోడి మాంసం మీద కూడా అనుమానం వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల ఫారాల్లో కూడా ఆ వైరస్ బయటపడింది.

చిగుళ్ళు పాలిపోయాయి, మూత్రం ముదురు రంగులో వస్తోంది

కూరలో ముక్క కడిగి పెట్టారా? ఉల్లి, వెల్లుల్లి రెండూ పిల్లి ఎర్ర రక్తకణాలని పగలగొడతాయి. ముక్క కడిగితే కారం పోతుందేమో గానీ లోపలికి దిగిన ఉల్లి రసం పోదు. అల్లం వెల్లుల్లి పేస్ట్ పట్టించకముందే పిల్లి వాటా పక్కకి తీసి విడిగా ఉడికించండి, అందులో ఉప్పు కూడా వద్దు.

పద్ధతి మార్చాను, ఇప్పుడు అసలే తినడం లేదు

ఆకలైతే అదే తింటుందిలే అని పస్తు పెట్టడం కుక్కల దగ్గర చెల్లుతుందేమో, పిల్లి దగ్గర కాదు. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుపాటి పిల్లికి, కొవ్వంతా లివర్‌లోకి చేరి ప్రాణం మీదికొస్తుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే పాత తిండే పెట్టేయండి, మార్పు ఇంకా మెల్లగా చేయొచ్చు. రెండో రోజు కూడా ముట్టకపోతే డాక్టర్ దగ్గరికే. మొత్తం తిండిలో పదో వంతు దాకా ఉత్త మాంసం ఉన్నా లెక్క తప్పదు కాబట్టి, కంప్లీట్ ఫుడ్ మీద నాలుగు ముక్కలు చల్లి ఊరించవచ్చు.

పండు కేజ్‌లో ఉన్న మొదటి రెండు రోజులూ ప్యాకెట్ ఫుడ్ వాసన చూసి, ముందు కాలితో నేలని గీరి, అటు తిరిగి కూర్చున్నాడు. చల్లటి తిండికి వాసన ఉండదని, పిల్లి ముక్కుతోనే తింటుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. లెగ్ పీస్ ఉడికించిన నీళ్ళు గోరువెచ్చగా రెండు చెంచాలు ఆ ఫుడ్ మీద పోశాను. ఇటు తిరిగాడు. ఇప్పుడు వాడికి మూడేళ్ళు. వంటింట్లో చికెన్ ఉడికే వాసన వస్తే చాలు, తలుపు తీసే ఉన్న ఆ పాత కేజ్‌లోకి తనే వెళ్ళి కూర్చుంటాడు.