పాత డేనిష్ కుర్చీ ఎవరు చేశారో తెలియాలంటే

1950లు, 60ల నాటి డేనిష్ టేకు కుర్చీయో సోఫానో దొరికితే, పాలిష్ పెట్టడానికీ గుడ్డ మార్చడానికీ ముందు దాన్ని తలకిందులు చేసి టార్చ్ వేసి చూడండి, ఎందుకంటే సాండ్‌పేపర్ పడితే తయారీదారు వేసిన ముద్ర పోతుంది, అది మళ్లీ రాదు. సీటు ఫ్రేమ్ లోపలి వైపు, సొరుగు అంచులు, బీరువా వెనక పలక, ఇవన్నీ వెతకాలి. నీల్స్ వోడర్, యోహన్నెస్ హాన్సెన్ లాంటి వర్క్‌షాపులు చెక్కలోనే కాల్చి ముద్ర వేసేవి. ఫ్రాన్స్ అండ్ సన్ అనే కంపెనీ అయితే చిన్న గుండ్రటి లోహపు బిళ్ల బిగించేది.

డిజైనర్, తయారీదారు ఒకరే అనుకోకండి. ఫిన్ యూల్ గీసిన కుర్చీలను వోడర్ చేశాడు, మరో డిజైనర్ వెగ్నర్ 1949లో గీసిన విష్‌బోన్ కుర్చీని (వెనక Y ఆకారపు చెక్క ఉండేది) కార్ల్ హాన్సెన్ అండ్ సన్ 1950 నుంచి ఇప్పటికీ చేస్తోంది, కాబట్టి అది ఒరిజినల్ అయినంత మాత్రాన పాతదని కాదు.

'డేనిష్ ఫర్నిచర్‌మేకర్స్ కంట్రోల్' అనే గుండ్రటి ముద్ర చూసి చాలామంది అదే కంపెనీ పేరనుకుంటారు. అది నాణ్యత గుర్తు మాత్రమే, తయారీదారు పేరు కోసం ఇంకా వెతకాల్సిందే. కొన్నిసార్లు ఉండేది అమ్మిన షాపు లేబులే. ఏ ముద్రా లేకపోతే కొలతలు, జాయింట్లు, కాళ్ల ఆకారం ఫొటోలు తీసి కోపెన్‌హాగన్ వేలం సంస్థ బ్రూన్ రాస్ముసెన్ పాత అమ్మకాలతో పోల్చండి.